సముద్రపు మట్టిలో సిలికా కొలుస్తున్నారా? ఈ ఐదు సలహాలూ వినొద్దు

డయాటమ్‌లనే సూక్ష్మజీవులు చచ్చాక వాటి సిలికా పెంకులు సముద్రం అడుగుకు చేరతాయి. అడుగు మట్టిలో అవి ఎంతున్నాయో కొలిస్తే, వేల ఏళ్ల కిందట బంగాళాఖాతంలో జీవం ఎంత సమృద్ధిగా ఉండేదో అంచనా కట్టొచ్చు. ఈ కొలత కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ కింది సలహాలను మాత్రం చెవిన పెట్టొద్దు.

1. “గాజు బీకరైనా పర్లేదు.”
గాజులో ఉండేదే సిలికా. పెంకులను కరిగించి కొలవడానికి మట్టిని 85 డిగ్రీల వేడిలో సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఉంచుతారు; అది పెంకులతో పాటు బీకరునూ కాస్త కరిగిస్తుంది. పాలీప్రొపిలీన్ ట్యూబులే వాడండి.

2. “డీఅయనైజ్డ్ నీళ్లకు పరీక్ష దేనికి?”
హైదరాబాద్‌లో బోరునీళ్లు గ్రానైటు రాళ్ల మధ్య నుంచి సిలికాను కరిగించుకుని వస్తాయి. ఆ నీటిని శుద్ధి చేసే ఫిల్టరులో రెజిన్ అరిగిపోతే ముందు తప్పించుకునేది సిలికానే. కండక్టివిటీ మీటరు దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ప్రతి బ్యాచుకూ మట్టి వేయని బ్లాంక్ ఒకటి పెట్టండి.

3. “చివర్లో ఒక్కసారి కొలిస్తే చాలు.”
గోదావరి తెచ్చిపోసే మట్టిలో బంకమన్ను ఎక్కువ. అదీ సిలికాను వదులుతుంది. డిమాస్టర్ అనే శాస్త్రవేత్త 1981లో చూపిన దారి పట్టండి: 2, 3, 5 గంటలకు కొంచెం కొంచెం ద్రావణం తీసి కొలవండి. పెంకులు మొదట్లోనే కరిగిపోతాయి. బంకమన్ను నిదానంగా, ఒకే వేగంతో సిలికా వదులుతూనే ఉంటుంది. ఆ విలువలను గ్రాఫులో పెట్టి, గీతను సున్నా గంట దాకా వెనక్కి పొడిగిస్తే అక్కడ తగిలే విలువే పెంకులది.

4. “కరిగిందంతా జీవులదే.”
సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలోనూ ఉంది, బంగాళాఖాతం అడుగునా ఉంది. అదీ గాజే, క్షారంలో కరిగేదే. చిటికెడు మట్టిని ముందు మైక్రోస్కోపు కింద చూడండి. డయాటమ్ పెంకు మీద రంధ్రాలు వరుసలు తీరి ఉంటాయి. బూడిద తునకకు పదునైన వంకర అంచులు, బుడగలు పగిలిన గుర్తులు ఉంటాయి.

5. “శాతం రాస్తే సరిపోతుంది, పద్ధతి ఎవరడుగుతారు?”
అందరికంటే ముందు అడగాల్సింది మీరే. ద్రావణం, గాఢత, వేడి మారితే అదే మట్టికి వేరే అంకె వస్తుంది. అంకె సిలికాన్‌దా, సిలికాదా, నీటితో కలిసిన ఓపల్‌దా అన్నదీ తేలాలి: సిలికాన్ శాతాన్ని 2.14తో గుణిస్తే సిలికా, 2.4తో గుణిస్తే ఓపల్. ఇవన్నీ, బ్లాంక్ విలువతో సహా, ఫలితం పక్కనే రాయండి. రేపు అదే మట్టిని కొలిచే మరొకరు మీ అంకెను సరిచూసుకోగలగాలి.