పప్పు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

"ఏమండీ, అన్నం తగ్గించి పప్పు వేసుకోండి."

అవతారిక

తిన్న తర్వాత చేసిన షుగరు పరీక్షలో అంకె రెండు వందలు దాటిన మర్నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు, అన్నం గిన్నె మూత తీస్తూ ఇల్లాలు పలికిన వాక్యమిది. పెద్ద శాస్త్రాలకు ఉన్నట్టే దీనికీ అనుబంధ చతుష్టయం ఉంది. అధికారి: షుగరున్న గృహస్థు. విషయం: భోజనానంతర రక్తశర్కర. సంబంధం: కంచానికీ గ్లూకోమీటరుకూ నడుమ ఉన్నది. ప్రయోజనం: మొదటి ముద్ద నుంచి లెక్కపెడితే ఒకటి రెండు గంటలకు అంకె 180 లోపు ఉండడం. షుగరున్నవారికి డాక్టర్లు మామూలుగా గీసే గీత అదే.

ప్రతిపదార్థం

ఏమండీ = ఓ భర్తా (ప్రేమ, హెచ్చరిక రెండూ ధ్వనిస్తాయి; పాళ్లు స్వరాన్నిబట్టి తేల్చుకోవాలి); అన్నం = పాలిష్ బియ్యంతో వండినది ("భోజనం" అని అర్థం చెబితే ఉపవాసమని తేలుతుంది కనుక అది గ్రాహ్యం కాదు); తగ్గించి = నిన్నటికంటె తక్కువ పెట్టుకొని; పప్పు = కంది, పెసర, మసూర్ వగైరా (గింజ కోసం గరిటెతో వెతుక్కోవలసిన పప్పుచారు కాదు); వేసుకోండి = మీ కంచంలో మీరే వడ్డించుకొనుడు.

పాఠాంతరం

టీవీ హోరులో "తగ్గించి" లోపించి, "అన్నం, పప్పు వేసుకోండి" అనే పాఠం గృహస్థుల్లో ప్రచారమైంది. ఈ పాఠం పట్టినవారు ఎప్పటి గుట్ట అలాగే ఉంచి, దానిమీద పప్పు పోసి, నెయ్యి జారవిడిచి, పథ్యం చేశామంటారు. అక్షరాలా పప్పులో కాలేయడం ఇదే. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్న మాట నిజమే కానీ, దాదాపు 55 గ్రాముల పిండిపదార్థమూ ఉంది. గుట్టమీద పోస్తే కూడికే తప్ప తీసివేత లేదు.

వ్యాకరణమూ ఇల్లాలి పక్షమే. "తగ్గించి" క్త్వార్థకం, ముందు జరగవలసిన పనిని చెబుతుంది. మొదట తగ్గింపు, పిదప వడ్డింపు. "వేసుకోండి"లోని "కొను" వల్ల ఫలం కర్తకే చెందుతుంది. కాబట్టి రిపోర్టు వచ్చాక వంటను నిందించడం వ్యాకరణ విరుద్ధం.

తాత్పర్యం

ఓ నాథా! తెల్లన్నంలోని పిండి పేగులో తొందరగా చక్కెరై నెత్తురులోకి దూకుతుంది. పప్పులోని పిండి అలా కాదు. గింజ కణాల గోడలు దాన్ని కాపు కాస్తాయి, పీచు అడ్డుపడుతుంది, మాంసకృత్తులు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. కావున అన్నం కొంత తీసి, ఆ చోటును పప్పుతో నింపుమని భావం.

విశేషాలు

1. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత ప్రకటించింది. గ్లూకోజుకు 100 అనుకుంటే, ఉడికిన మసూర్ 30 దరిదాపుల్లో ఉంటుంది. తెల్లన్నం, బియ్యం రకాన్నిబట్టి, తరచు 70 దాటుతుంది.

2. మూలపాఠానికి దూరదేశపు సాక్ష్యమూ ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులకు సగం అన్నం తీసి మసూర్ జాతి గింజలు పెట్టారు. చక్కెర పెరుగుదల 20 శాతం దాకా తగ్గింది. తీసి పెట్టారని గమనించాలి, పైన పోయలేదు.

3. పొద్దున ఈ గింజలు తిన్నవారికి, రొట్టె తిన్నవారికంటె మధ్యాహ్న భోజనం తర్వాత కూడా చక్కెర తక్కువ పెరిగిందని జెంకిన్స్ బృందమే 1982లో చూపింది. దీన్ని పెసరట్టుకు అన్వయించాలని వ్యాఖ్యాత ఎంతో ఆశపడ్డాడు. కానీ మెత్తగా రుబ్బితే కణాల గోడలు కూలి, కాపు సడలుతుంది. అట్టులో ఉప్మా కూడా దూర్చినవారికి ఏ భాష్యకారుడూ సాయపడలేడు.

4. పూర్వపక్షం: పప్పు తింటే గ్యాసు కదా? సిద్ధాంతం: చిన్నపేగులో చక్కెర కాకుండా తప్పించుకున్న భాగం పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులకు విందవుతుంది. వాయువు ఆ విందుకు సాక్షి. దోషమని చెప్పినదే హేతువుకు బలమైంది.

5. గణవిభజన: అన్నం ఒక హస్తం, పప్పు రెండు గరిటెలు, మిగతాది కూర. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పు గణాలను, ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం గణాలను డాక్టరుతో సరిచూపించుకోవాలి. అలంకారం: ఇంగువ పోపు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యానమంతా మూలకర్త్రికి వినిపించి, కంచం ముందుకు జరిపి, పాత అలవాటున మూడో హస్తం అన్నానికి చెయ్యి చాచాను. ఆవిడ ఏమీ అనలేదు. హస్తం నా చేతిలోంచి తీసుకుని, పప్పు గరిటె పెట్టింది. దక్షిణామూర్తి మౌనవ్యాఖ్యతో శిష్యుల సందేహాలు తీర్చాడంటే ఇన్నాళ్లూ నమ్మలేదు.