నోటితో నడిచే కారు

హాట్ హ్యాచ్ అంటే చిన్న కారులో పెద్ద ఇంజను. ఇంటిల్లిపాదీ వాడుకునే హ్యాచ్‌బ్యాక్‌కే బలమైన ఇంజను, గట్టి సస్పెన్షన్, వెడల్పాటి టైర్లు వేసి, ధర మరీ ఆకాశానికి ఎక్కకుండా చూడటం దీని పద్ధతి. 1976లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఆ కారు బరువు తొమ్మిది వందల కిలోల లోపే, శక్తి 110 హార్స్‌పవర్. మన దేశానికి వచ్చేసరికి ఇందులో చిన్న కారు క్షేమంగా చేరింది. పెద్ద ఇంజను పన్నుల దగ్గర ఆగిపోయింది.

కారణం 2006 బడ్జెట్. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1,200 సీసీకి మించకుండా ఉంటే చిన్న కారు, దానికి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింపు. ఎక్సైజు పోయి జీఎస్టీ వచ్చినా ఆ కొలతలు పోలేదు. కాబట్టి మన స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్‌కు అసలు రూపశిల్పి జర్మనీలోనో ఇటలీలోనో లేడు, ఢిల్లీలో ఆర్థిక శాఖలో ఉన్నాడు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ ఇంజను సరిగ్గా 1,197 సీసీ, 105 హార్స్‌పవర్. 2017 నాటి బలెనో ఆర్‌ఎస్ ఒక లీటరు, 102. 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్‌లో ఉన్నది మామూలు ఐ20 టర్బో ఇంజనే. సస్పెన్షన్ కాస్త బిగించారు, సైలెన్సరుకు రెండు మూతులు పెట్టారు, సీట్లకు ఎర్రదారం కుట్టారు. దారం ఎర్రబడగానే కారు వేగం పెరుగుతుందన్న నమ్మకం మీద ఈ వ్యాపారం చాలావరకు నడుస్తుంది.

ఈ కొలతలు దాటే సాహసం చేసిన కార్లూ ఉన్నాయి. 2015లో ఫియట్ అబార్త్ పుంటో 1,368 సీసీ, 145 హార్స్‌పవర్‌తో పది లక్షల లోపు ధరకే వచ్చింది. అభిమానులు పొగిడారు, కొనలేదు. 2016లో పోలో జీటీఐ 192 హార్స్‌పవర్‌తో దిగింది. తెచ్చినవి 99, ధర దాదాపు 26 లక్షలు. ‘జీటీఐ ఎప్పుడొస్తుంది’ అని ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినవాళ్లు ధర వినగానే స్విఫ్ట్‌లోని సుగుణాలు గుర్తుచేసుకున్నారు. మరుసటి ఏడాది దాని ధరను 20 లక్షల దగ్గరకు దించాల్సి వచ్చింది. 2025లో గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు వస్తే మొదటి విడత 150 కార్లూ చకచకా అయిపోయాయి. అయితే సగటు అభిమాని ఆ 150 మందిలో ఉండడు. ఆ 150 మంది కారును సరిగ్గా నడపడం లేదని చెప్పేవాళ్లలో ఉంటాడు.

హైదరాబాద్‌లో ఈ అభిమానుల జాతిని చూడాలంటే ఆదివారం తెల్లవారుజామున మేడ్చల్, షామీర్‌పేట వైపు వెళ్లాలి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుకు ఇక్కడ రెండు ఎగ్జిట్లు వరసగా ఉన్నాయి. కండ్లకోయ దగ్గర ఎక్కి షామీర్‌పేట దగ్గర దిగడాన్ని ‘డ్రైవ్’ అంటారు. దిగాక రాజీవ్ రహదారి పక్కన టీ బండి దగ్గర ఆగి, నడిపినంతసేపటికి నాలుగింతలు దాని గురించి మాట్లాడటం కూడా డ్రైవ్‌లో భాగమే.

అక్కడ వినిపించే సిద్ధాంతాల్లో మొదటిది హ్యాండ్లింగ్. ‘మూలమలుపులో రోడ్డుకు అతుక్కుపోతది’ అంటారు. అవుటర్ మీద మూలమలుపు లేదు. ఎనిమిది వరసల ఆ రోడ్డు వంపులన్నీ వేగంగా పోయే లారీని కూడా దృష్టిలో పెట్టుకుని సాగదీసి వేసినవి. కారు అతుక్కుపోయిందన్న వంపులోనే టమాటా ట్రేలు నింపుకున్న డీసీఎం కూడా అతుక్కుపోతుంది. దాని డ్రైవరు ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని ఫోన్లో మాట్లాడుతుంటాడు.

రెండోది పికప్. పోలో జీటీ సున్నా నుంచి వందకు 9.7 సెకన్లలో చేరుతుందని కంపెనీ లెక్క. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు పన్నెండో పదమూడో పడుతుంది. మిగిలింది మూడు సెకన్లు. అవుటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023లో వంద నుంచి 120కి పెంచారు గనుక, 120 చేరాక రెండు కార్లూ చట్టం ముందు సమానమే. ఆదా అయిన మూడు సెకన్లను ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కొంపల్లి, సుచిత్ర ట్రాఫిక్‌లో వడ్డీతో సహా కట్టేస్తారు. అప్పుడు అభిమాని గేరు లివరును న్యూట్రల్‌లోకి, మళ్లీ డ్రైవ్‌లోకి మారుస్తూ కూర్చుంటాడు. డ్రై క్లచ్ వేడెక్కకూడదట. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కొన్న మనిషి దానికి అటెండరుగా చేరడం ఈ శాఖలోనే చూస్తాం.

మూడోది రీమ్యాప్. ఇంజనులో కంపెనీ కావాలనే ఇరవై ముప్పై గుర్రాలను కట్టేసి ఉంచిందని, లాప్‌టాప్ తగిలించి వాటిని విప్పుకోవాలని ఈ సిద్ధాంతం చెబుతుంది. ఆ గుర్రాలకు సరిపడా బ్రేకులు, క్లచ్, కూలింగ్ కూడా మార్చాలా అంటే చర్చ టైర్ల మీదికి మళ్లుతుంది. ఆ తర్వాత సైలెన్సరు మారుతుంది, స్ప్రింగులు కురచ అవుతాయి. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. దీన్ని సంస్కృతి తెలియని చట్టంగా భావిస్తారు.

స్ప్రింగులు కురచైన కారు షామీర్‌పేట దారిలో ఓ పల్లె స్పీడ్ బ్రేకరు దాటడం తీరిగ్గా చూడదగ్గ దృశ్యం. ముందు పూర్తిగా ఆగుతుంది. తర్వాత ఏటవాలుగా తిరిగి ఎడమ చక్రం ఎక్కిస్తుంది. పక్క సీట్లోవాడు తలుపు తీసి, కిందికి వంగి, ‘రా... రా... ఆగు’ అంటాడు. అడుగున బర్రుమని గీసుకున్న చప్పుడు. లోపల నిశ్శబ్దం. వెనక ఏడుగురిని ఎక్కించుకున్న ఆటో హారన్ కొట్టీ కొట్టీ, పక్కనుంచి మట్టిలోకి దిగి దాటేస్తుంది. 145 హార్స్‌పవర్‌ను పదీ పన్నెండు గుర్రాలు ఓడించడం ఇలాంటి చోటే జరుగుతుంది. షామీర్‌పేట చెరువు దగ్గర్లోనే జింకల పార్కు ఉంది. సైలెన్సరు టపటపలు వినగానే అక్కడివి పికప్ చూపిస్తాయి, రీమ్యాప్ లేకుండానే.

టీ తాగాక తలుపు పరీక్ష. తలుపు వేసి, ‘విన్నవా? దబ్ అన్నది’ అంటారు. పక్క కారు తలుపు వేసి, ‘ఇది టప్’ అంటారు. ఉక్కు నాణ్యతను చెవితో తేల్చే ఈ విద్యలో పోలో యజమానులు పీఠాధిపతులు. ఆ కారు తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయాక దబ్బుకు మరింత గాంభీర్యం వచ్చింది. ఇదే కారును కొనే ముందు ఇంట్లో నాన్నకు చెప్పిన భాష వేరు. అక్కడ టర్బో అన్న మాటే రాలేదు. ‘సేఫ్టీ, నాన్నా. నాలుగు స్టార్లు’ అన్నారు. ‘మైలేజీ?’ అని ఆయన అడిగితే హైవే మీద వచ్చే అంకె చెప్పారు.

ఈ యాజమాన్యం సాధారణంగా పెళ్లితోనో, పిల్లల స్కూలుతోనో ముగిసి, ఎత్తు సీటున్న ఎస్‌యూవీ వస్తుంది. అమ్మకానికి ముందు అటక మీది పాత సైలెన్సరు కిందికి దిగుతుంది. స్ప్రింగులు మళ్లీ పొడవవుతాయి. లాప్‌టాప్ తగిలించి గుర్రాలను తిరిగి కట్టేస్తారు. కొనడానికి వచ్చినతను చుట్టూ తిరిగి చూసి, ఎర్రదారాన్ని వేలితో తడిమి, ‘గట్టిగ తోలిన్రా అన్నా?’ అని అడుగుతాడు.

‘లేదు తమ్మీ. ఆదివారం గుడికే తీసేటోళ్లం.’