పళ్ళ లెక్క

డాలస్ శివార్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే అల్లుడికి పాత బండ్ల పిచ్చి. 1978 నాటి షెవ్రొలే సి10 పికప్ ట్రక్కు కొన్నాడు. 350 ఘనపుటంగుళాల వి8 ఇంజను, మూడు గేర్ల ఆటోమేటిక్. పొగ ఎక్కువయ్యేసరికి ఇంజను దింపి మెషిన్ షాపుకి పంపాడు. వాళ్ళు బ్లాకు కడిగి, బోరు చేసి, కొత్త పిస్టన్లు వేసి తిరిగి పంపారు.

సరిగ్గా అప్పటికి మావయ్యగారు ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి. డాలస్‌లో ఆయనకున్న పనల్లా మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించడం.

ఇంజనుతో పాటు ఫ్లెక్స్‌ప్లేటు కూడా మార్చాల్సి వచ్చింది. క్లచ్చు బండిలో బరువైన ఫ్లైవీల్ ఉండే చోట ఆటోమేటిక్ బండిలో ఉండేది ఇదే. పల్చటి ఉక్కు ప్లేటు, అంచు చుట్టూ సెల్ఫ్ మోటారు పట్టుకునే పళ్ళు. పాతదాని పళ్ళు ఒకవైపు అరిగిపోయి, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా గీరుకుంటోంది.

అల్లుడు ఎక్సెల్ షీటు తెరిచాడు. షెవ్రొలేలో 153 పళ్ళవీ ఉన్నాయి, 168 పళ్ళవీ ఉన్నాయి. సెల్ఫ్ మోటారు బోల్టులు ఐమూలగా ఉన్నాయి కాబట్టి తనది 168. 1985 దాకా వచ్చిన ఇంజన్లకి వెనక సీలు రెండు ముక్కలు, క్రాంకు బోల్టుల వలయం 3.58 అంగుళాలు. 1986 నుంచి సీలు ఒకటే ముక్క, వలయం 3 అంగుళాలు. ఆ ప్లేటు దీనికి కూర్చోదు. 400 ఇంజను ప్లేటు కూర్చుంటుంది గానీ, దానికి అదనంగా బ్యాలెన్సు బరువు ఉంటుంది. వేశామా, బండి బండంతా వణుకుతుంది. ఇవన్నీ చూసుకుని ఆర్డరు పెట్టాడు. ప్లేటు రాగానే ఒక పన్నుకి సుద్దముక్కతో గుర్తు పెట్టి, పళ్ళన్నీ లెక్కపెట్టాడు. సరిగ్గా 168.

మావయ్యగారు చొక్కా జేబు తడుముకుంటూ గరాజ్‌లోకి వచ్చారు.

"బాబూ, ఈ డోవల్..."

"అవన్నీ మీ లారీలకండీ మావయ్యగారూ. ఇది ఆటోమేటిక్. చేతులు పాడవుతాయి, మీరు లోపల కూర్చోండి."

ఆయన లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

అల్లుడు మాన్యువల్ ప్రకారమే బిగించాడు. క్రాంకు బోల్టులు టార్క్ రెంచితో బిగించాడు. కన్వర్టర్‌ని పూర్తిగా వెనక్కి నెట్టి, దానికీ ప్లేటుకీ మధ్య సందు కొలిచాడు. అంగుళంలో ఎనిమిదో వంతు. సందు లేకుండా బిగిస్తే గేర్‌బాక్సు పంపు పగిలిపోతుందని భార్యకి కూడా పాఠం చెప్పాడు. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఫొటోలు వాట్సాప్‌లో పెడితే స్నేహితులు చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలకి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కింద టకటకమని మోత మొదలైంది. కొత్త ఇంజను రాడ్ పోయిందేమోనని అల్లుడికి ముచ్చెమటలు పోశాయి. కింద రేకు మూత విప్పి టార్చి వేస్తే, క్రాంకు బోల్టుల చుట్టూ ప్లేటు గుండ్రంగా చిట్లి ఉంది.

"చవక సరుకు" అని తేల్చేశాడు. రెట్టింపు ధర పెట్టి ఇంకోటి తెప్పించాడు. మళ్ళీ సుద్దముక్క, మళ్ళీ లెక్క. మావయ్యగారు మళ్ళీ గుమ్మంలోకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఒక్క నిమిషం మావయ్యగారూ, లెక్క తప్పుతుంది. ఎనభై మూడు, ఎనభై నాలుగు..."

ఆయన కాసేపు నిలబడి, మనవరాలి బస్సు వేళయిందని వెళ్ళిపోయారు.

రెండోదీ అలాగే, అదే చోట చిట్లింది.

మావయ్యగారి ప్రయాణం దగ్గరపడింది. ఆ రాత్రి అల్లుడు రేసు బండ్లకి వేసే ప్లేటు ఆర్డరు పెట్టబోతూ, ధర చూసి తల పట్టుకున్నాడు. మావయ్యగారు సూట్‌కేసు సర్దుకోవడం ఆపి వచ్చి, నూనె మరకల ప్లాస్టిక్ కవరొకటి టేబుల్ మీద పెట్టారు. అందులో చిటికెనవేలంత లావున రెండు ఉక్కు పిన్నులు.

"ఇవేంటండీ?"

"డోవల్ పిన్నులు బాబూ. బ్లాకు వెనక భాగంలో కొట్టి ఉంటాయి. గేర్‌బాక్సు వచ్చి వీటిమీదే కూర్చోవాలి. బోల్టులు బిగిస్తాయి గానీ సెంటరు కలపవు. రంధ్రాల్లో వదులుంటుంది కదా. సెంటరు తప్పితే ప్లేటు తిరిగిన ప్రతి చుట్టుకీ వంగుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా నిమిషానికి ఆరేడు వందల సార్లు. ఏ ఉక్కు తట్టుకుంటుంది? లారీ అయినా, ఆటోమేటిక్ అయినా అంతే."

"మీ దగ్గరికెలా వచ్చాయి?"

"మెషిన్ షాపు వాళ్ళు బ్లాకు కడిగే ముందు ఊడదీసి, కవర్లో వేసి ఇంజనుతో పంపారు. మీరు ప్యాకింగ్ సామాననుకుని చెత్తబుట్టలో వేశారు. నేను తీసి దాచాను."

అల్లుడి ముఖం కందగడ్డయింది. "మొదటిరోజే చెప్పచ్చు కదండీ!"

"చెప్పబోయాను. అవి లారీలకన్నారు."

"పోనీ, రెండోసారి?"

"అప్పుడూ తెచ్చాను బాబూ. మీరు ఎనభై నాలుగో పన్ను దగ్గరున్నారు."