పడ్డంక ఇస్తం

మా పాత ఇంటి కప్పు తాండూరు బండలది. దూలాల మీద నాపబండలు పరిచి, సందుల్లో సున్నం కూరి, పైన మట్టేసి తొక్కించిన కప్పు. ఎండాకాలం చల్లగా ఉండేది. వానాకాలం రెండు చోట్ల కురిసేది, అక్కడ గిన్నెలు పెట్టేవాళ్ళం. 1979 దాకా ఆ కప్పు గురించి మా ఇంట్లో ఎవరూ ఇంతకుమించి ఆలోచించలేదు. ఆ ఏడు జులైలో మాత్రం నాయన నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక్కో బండను ఎగాదిగా చూసి, "రెండంగుళాల మందం ఉంటది. ఆపుతదంటవా?" అని తాతను అడిగాడు.

ఆపాల్సింది స్కైలాబ్‌ను. ఆకాశం నుంచి రాలిపడబోతున్న ఆ అంతరిక్ష కేంద్రం బరువు సుమారు 77 టన్నులు.

తాత ముప్పై ఏళ్ళు గనుల్లో బండలు తీయించిన మనిషి. నోట్లో చుట్ట తీయకుండానే, "దాన్ని ఆపుతదో లేదో తెల్వది గానీ, మన మీద పడేది మాత్రం ఈ బండనే" అన్నాడు. ఆ రాత్రి నుంచి మా పడకలు వాకిట్లోకి మారాయి. వానొస్తే చావుకు తెగించి లోపలికి, వాన వెలిస్తే ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి.

నిజానికి పాపం స్కైలాబ్ తప్పేమీ లేదు. 1973 మే నెలలో అమెరికా వాళ్ళు దాన్ని పైకి పంపారు. మూడు విడతలుగా మనుషులు వెళ్ళి ఉండొచ్చారు. 1974 ఫిబ్రవరిలో ఆఖరివాళ్ళు తలుపేసి దిగొచ్చేశారు. తర్వాత సూర్యుడు అనుకున్నదానికంటే ఎక్కువ ఉడుకెత్తేసరికి పైనున్న పల్చటి గాలి ఉబ్బి, దాని రాపిడికి ఇది కిందికి జారడం మొదలుపెట్టింది. మళ్ళీ పైకి నెట్టడానికి కొత్త వాహనం తయారవుతోందన్నారు. ఆ స్పేస్ షటిల్ మొదటిసారి ఎగిరింది 1981లో. మా మేస్త్రీ కూడా అంతే. కప్పు కురుస్తోందని మృగశిరకు చెబితే దసరా ఎల్లినంక నిచ్చెన పట్టుకుని వస్తాడు.

భూమ్మీద ఎవరో ఒకరికి దాని ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క. మా సారు ఆ ముక్క తరగతిలో చెప్పడమే పాపమైంది. నాలుగు తరగతులు కలిపితే మా బడి అటూ ఇటుగా 152 మందే. అంటే బడిలో ఒకడు ఖాయం. ఎవడో కూడా వెనక బెంచీ వాళ్ళు తేల్చేశారు. వాడు మర్నాటి నుంచి బడికి రాలేదు.

ఇంట్లో ధైర్యంగా ఉన్నది అవ్వ ఒక్కతే. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పుట్టింది మర్పల్లి దిక్కే. "ముఖ్యమంత్రి మనోడాయె. మన దిక్కు పడనిస్తడా?" అనేది. అంత నమ్మకం ఉన్న మనిషి, మంగళవారం ఒక కోడిని, బుధవారం ఇంకో కోడిని ఎందుకు కోయించిందో అడిగే దమ్ము మాకు లేదు. ఊరంతా అదే పని. మేకలు ఎంతకొస్తే అంతకు అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. లోకం మునిగేటప్పుడు ఆ మేకలను కొన్నవాళ్ళెవరు, ఎందుకు కొన్నారు అన్నది మాత్రం అప్పుడెవరికీ తట్టలేదు. మూడో కోడి గంప కింద గుడ్ల మీద పొదిగి ఉంది. నాయన గంప ఎత్తబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. "దాని జోలికి పోకు. ఇంకా పన్నెండు రోజులకు పిల్లలు లేస్తయి."

అసలు యుద్ధం కిరాణా దుకాణం దగ్గర. సేటు సోమవారమే ఉద్దెర బందు పెట్టాడు. లోకమే పోతే బాకీ ఎవడు కడతాడని ఆయన బాధ. లోకమే పోతుంటే బాకీ కట్టుడెందుకని ఊరి వాదన. బుధవారం పొద్దున సేటు ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకం చంకలో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. మా పేరు మీద 86 రూపాయలున్నాయి.

"రేపటికి అందరం పోతమంటున్రు. ఈ పైసలు ఏం జేసుకుంటవ్ సేటూ?" అన్నాడు నాయన.

"పోకుంటే?"

నాయన దగ్గర దీనికి జవాబు లేదు. చాలాసేపు బేరం నడిచింది. చివరికి నలభై చేతిలో పెట్టి, "మిగిలింది పడ్డంక ఇస్తం" అన్నాడు. సేటు పెన్సిల్ నాలుకకు తడుపుకుని ఆ మాటే రాసుకున్నాడు. తారీఖు ఉండాల్సిన చోట "పడ్డంక" అని.

జులై 11, బుధవారం. మన లెక్కన రాత్రి పది దాటాక ఆ శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరాన్స్ అనే ఊరి చుట్టుపక్కలా పడ్డాయి. అప్పటికి మేం కోడికూర అరక్క గుర్రుపెడుతున్నాం. మర్నాడు తెల్లారి రేడియో వార్తలు పూర్తిగా వినకముందే వాకిట్లో దగ్గు వినబడింది. సేటు.

"పడ్డదంట పటేలా. నలభై ఆరు."

నాయన ముఖంలో బతికిన సంతోషం నిలవలేదు.

ఎస్పరాన్స్ వాళ్ళు కూడా బాకీ రాశారు. మా ఊళ్ళో చెత్త పోశారని నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు. నాసా కట్టలేదు. 2009లో ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగేసి కట్టేదాకా ముప్పై ఏళ్ళు ఆ బాకీ అట్లాగే ఉంది. అక్కడ మా సేటు లాంటివాడు లేడు మరి. అదే ఊళ్ళో పదిహేడేళ్ళ స్టాన్ థార్న్‌టన్ మాత్రం కాలిన ముక్కలు ఏరుకుని అమెరికా విమానం ఎక్కాడు. మొదటి ముక్క తెచ్చినవాళ్ళకు ఇస్తామన్న 10,000 డాలర్లను శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక దగ్గర పుచ్చుకున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న అమ్మతో కలిసి 'స్కైలాబ్' సినిమా చూశాను. విశ్వక్ ఖండేరావు తీశాడు, 2021 డిసెంబర్‌లో వచ్చింది. బండలింగంపల్లి అనే పల్లెలో ఆ రోజుల కథ. నిత్యా మీనన్, సత్యదేవ్, రాహుల్ రామకృష్ణ. మొదటి సగం వికారాబాద్ జంక్షన్‌లో సిగ్నల్ కోసం ఆగిన ప్యాసింజరు బండిలా కదలదు. కానీ లోకం మునుగుతుందంటే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది దేవుడు కాదు, అప్పు అని ఆ దర్శకుడికి తెలుసు. రాహుల్ రామకృష్ణ అప్పుల తిప్పలు చూసి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అచ్చం మీ నాయనే" అంది. సినిమా అయ్యాక ఒక్కటే లోటు చెప్పింది, పొదుగు కోడి లేదని.

అవ్వ మాట మాత్రం ఆలస్యంగా అయినా వమ్మయింది. 2022 డిసెంబర్ 7న ఆకాశం నుంచి ఒక వింత డబ్బా దిగింది. ఎక్కడనుకున్నారు? చెన్నారెడ్డి గారి మర్పల్లి మండలంలోనే, మొగిలిగుండ్లలో. జనం ఫోన్లు పట్టుకుని పొలాలకు అడ్డంపడి పరుగెత్తారు. 1979లో లోపలికి ఉరికిన కాళ్ళే కొన్ని అందులో ఉండి ఉంటాయి. తీరా చూస్తే అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ డబ్బా. మనుషులను పైకి షికారు తిప్పడానికి చేస్తున్న ప్రయోగం. హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఖాళీగా లేచి, 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, పారాచూట్లతో దిగింది.

ఆ కేంద్రం వాళ్ళు చలికాలం పేపర్లో ప్రకటన వేస్తుంటారు. బెలూన్లతో పంపిన పరికరాలు ఫలానా జిల్లాల్లో పడొచ్చు, ఎవరూ ముట్టవద్దు, విప్పవద్దు, పోలీసులకు చెప్పండి, తగిన బహుమానం ఇస్తాం అని. ఆ జిల్లాల్లో మాదీ ఉంటుంది. అమ్మ ఆ ప్రకటన కత్తిరించి బియ్యం డబ్బా మూతకు అంటించింది. బహుమానం అన్న చోట పసుపు చేత్తో తాకిన మరక ఉంది.

ఇప్పుడు మా ఇంటిది సిమెంటు స్లాబు. పాత బండలు వాకిట్లో పరిచాం. సంక్రాంతి ముందు కొత్త కందులు స్లాబు మీద ఆరబోసి, అమ్మ నెత్తిన కొంగేసుకుని కాపలా కూర్చుంటుంది. పోయినసారి నేను మెట్లెక్కి వెళ్ళేసరికి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది.

"ఏందమ్మా, కాకులా?"

"కాకులు గాదు. ఇయ్యాల పేపర్ల మన జిల్లా పేరు ఏసిన్రు" అని చేత్తో కందులను ఒక పక్కకు జరిపి, స్లాబు మధ్యలో ఇంత జాగా చేసింది.