అన్నంలోకి ఏం చేశారు?

మా గోదావరి జిల్లాల్లో యాభై దాటినవాణ్ణి పట్టుకుని “షుగర్ ఉందా?” అని ఎవరూ అడగరు. “ఎంతుంది?” అని అడుగుతారు. పొద్దున్నే గట్టు మీద నడిచేవాళ్ల పలకరింపులన్నీ అంకెల్లోనే. “ఫాస్టింగు నూట నలభై. మీదో?” “నూట పదహారండి.” “నూట పదహార్లా! ఇంకేం, చదివింపులు బాగానే వచ్చాయి!”

2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో పదమూడు కోట్ల పైచిలుకు మంది గడప దగ్గర నిలబడి ఉన్నారని లెక్క తేల్చారు. ఆ రెండో జాబితా నుంచి మొదటి జాబితాలోకి నాకు ప్రమోషన్ వచ్చి చాలాకాలమైంది. బడిలో పంతులుగా చేరి పంతులుగానే రిటైరైనవాణ్ణి, అడక్కుండా వచ్చిన ప్రమోషన్ ఇదొక్కటే.

డాక్టరుగారు స్వీట్లు మానేయమన్నారు. నేను తల ఊపాను. అన్నం తగ్గించమన్నారు. మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. “తగ్గిస్తే మరి కూరలు దేంట్లోకండీ?” అంది.

డాక్టరుగారి దగ్గర దానికి మందు లేదు. ఎందుకంటే మన వంటలో కూరకు సొంత బతుకంటూ లేదు. పప్పు అన్నంలోకి, పులుసు అన్నంలోకి, పచ్చడి అన్నంలోకి. ఇంటికొచ్చిన పిన్నిగారు “అన్నంలోకి ఏం చేశావే?” అని అడుగుతుంది గానీ, “బీరకాయలోకి ఏం చేశావు?” అని ఏనాడైనా అడిగిందా? చిన్నప్పుడు వేపుడు ఉత్తినే నోట్లో వేసుకుంటే మా అమ్మమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. “వట్టి కూర తింటావేరా, అన్నంలో కలుపుకో!” ఇప్పుడు మనవరాలి ఈడు డైటీషియన్ అమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ముందు కూర తినండి అంకుల్, తర్వాత పప్పు, ఆఖర్న అన్నం” అంటోంది. ఆ పిల్ల చెప్పేది నిజమే. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులో పడితే, వెనకాల వచ్చే పిండిపదార్థం రక్తంలోకి నిదానంగా చేరుతుంది. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నం అని బొమ్మ గీసి కూడా చూపించింది. మా ఇంట్లో ఆ బొమ్మను అందరం తలకిందులుగా పట్టుకుని చూశాం. అలా చూస్తేనే మా కంచంలా ఉంది.

పప్పుతో ఒక వాయి, కూరతో ఒకటి, పులుసుతో ఒకటి, కొత్తావకాయ గనక “ఒక్క ముద్ద”, పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే కాదు గనక అది. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఈ లెక్క తెలిశాక కాఫీలో చెంచాడు పంచదార మానేసి త్యాగమూర్తి ఫోజు పెట్టడం నాకు సిగ్గనిపించింది.

మా బావగారు ఇంకా ఘనులు. “రాత్రిళ్లు అన్నం ముట్టనోయ్, ఫలహారమే” అని సభల్లో చెప్పుకుంటారు. ఫలహారం అంటే ఆరిడ్లీలు. ఇడ్లీ రవ్వ ఏ చెట్టుకు కాస్తుందని ఆయన ఉద్దేశమో! ఈమధ్య షుగర్ బియ్యం అని తెలంగాణ సోనా తెప్పిస్తున్నారు. రాజేంద్రనగర్‌లో పుట్టిన వంగడం, ఆర్ఎన్ఆర్ 15048. గ్లైసీమిక్ ఇండెక్స్ 51.6 అని చెబుతారు, మామూలు సన్నబియ్యం కంటే తక్కువే. మంచి బియ్యమే, కాదనను. కాకపోతే “షుగర్ బియ్యమే కదా” అని బావగారు మారు వడ్డించుకుంటారు. మారు వడ్డనకు ఇండెక్స్ ఎవరూ కట్టలేదు.

ఇక సలహాలు. షుగర్ వచ్చాక తగ్గేది తిండి, పెరిగేది ఇదే. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి, తిప్పతీగ... ప్రతిదానికీ వెనక ఒక తోడల్లుడు ఉంటాడు. “మా తోడల్లుడు ఇది తాగి మాత్రలు పారేశాడండీ!” ఆ తోడల్లుణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు. మెంతుల్లో పీచుంది, తింటే మంచిదే. కానీ మెట్‌ఫార్మిన్ బిళ్ల పని మెంతిగింజ చేయదు. “బెల్లం పర్లేదండీ, ఆర్గానిక్” అనేవాళ్లు మరో శాఖ. బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. చెరుకు రంగు మార్చుకుంది గానీ కులం మార్చుకోలేదు.

పరీక్షకు ముందు రెండ్రోజులు కడుపు మాడ్చుకుని ఫాస్టింగు రిపోర్టు మెరిపించడం మా గట్టు బృందానికి వెన్నతో పెట్టిన విద్య. హెచ్‌బిఎ1సి దగ్గర ఈ పప్పులుడకవు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెరను ఆ పరీక్ష కొలుస్తుంది. రెండు నెలల కిందట మరదలి గృహప్రవేశంలో తిన్న బొబ్బట్లు కూడా సాక్ష్యానికి వస్తాయి.

నిజంగా ఫలితం చూపించింది, భోజనం కాగానే పది పదిహేను నిమిషాల నడక. కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడేసుకుంటాయి. అయితే భుక్తాయాసమనే మాటను, దానికో మంచాన్ని కూడా సృష్టించుకున్న జాతి మనది. అన్నం తినగానే వీధిలోకి వస్తే, “ఏం మాస్టారూ, ఇంట్లో గొడవా?” అని అడిగారు. ఇప్పుడు అలవాటుపడి, ప్రతి గేటు దగ్గరా నిలబెట్టి, “భోజనాలయ్యాయా? ఏం కూర?” అంటున్నారు. నడక పదిహేను నిమిషాలు, సంజాయిషీ అరగంట.

లో షుగర్ సంగతి మాత్రం నవ్వులాట కాదు. అంకె 70 కంటే దిగితే చెమటలు, వణుకు మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటాగి మళ్లీ చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల జేబులో గ్లూకోజు పొట్లం ఉండి తీరాలి. మా బావగారికి లో షుగర్ తాపేశ్వరం కాజాలు ఇంటికొచ్చిన రోజే వస్తుంది. మా అక్కయ్య గ్లూకోమీటరు తెచ్చేసరికి నూట తొంభై ఉంటుంది.

ఏటా నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజది. మనకది బాలల దినోత్సవం కూడా కనుక, మా బడి వరండాలో పెద్దలకు రక్తపరీక్షలు, తరగతుల్లో పిల్లలకు చాక్లెట్లు ఒకేసారి జరిగేవి. రేపటి రోగులను ఈరోజే నమోదు చేసుకునే పద్ధతి ఇంతకంటే బాగా ఎవరూ ఆలోచించలేరు.

బంధుమిత్రులకు మనవి. మా ఇంటికి తప్పకుండా రండి. పూతరేకులు, కాజాలు వద్దు, లేత ఆనపకాయ తెండి. “ఒక్కటి తింటే ఏమవుతుందండీ” అనకండి, మీకు ముందు అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీ తోడల్లుణ్ణి మాత్రం ఒక్కసారి వెంట తీసుకురండి, చూడాలని ఉంది.