గల్లపెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

మామ సొమ్ము తెచ్చి మళిగను పెట్టితి
తిరిగి యమ్ము వాఁడు తిండి యడిగె
ఎవరి బాకి ముందొ యెవరిది వెనుకనో
చెప్పు గల్లపెట్టె చిట్టితండ్రి

అవతారిక: ఈ ఆటవెలది కర్త దేశకాలాల గురించి పండితుల్లో తగవు ఉన్నదని చెప్పుకోవడం మర్యాద కాబట్టి చెప్పుకుందాం. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ కొత్తపల్లెవాడని ఒక పక్షం. పత్తి విత్తనాలు అమ్మేవాడని మరొక పక్షం. కవి కల్పితుడు, బాకీలు మాత్రం నిజమైనవి కనుక రెండు పక్షాలనూ ఒప్పుకోవచ్చు. ఆళ్లగడ్డ శిల్పి అయితే ఈ పద్యం రాసేవాడు కాదు. విగ్రహం కావలసినవాళ్లు ముందే బయానా ఇస్తారు, ఆ డబ్బుతోనే రాయి వస్తుంది. విత్తనాల వ్యాపారికి ఆ యోగం లేదు. ముంగారు వానలకు సరకు అరువు మీద పోతుంది, పత్తి తీతలు అయ్యాక గానీ డబ్బు తిరిగి రాదు. ఆ నడిమి నెలల్లో గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది, జీతం అడిగేవాడు మాత్రం నెలనెలా వస్తాడు. పద్యం పుట్టిన చోటు అది.

ప్రతిపదార్థం: గల్లపెట్టె చిట్టితండ్రి = ఓ గల్లాపెట్టె నాయనా; మామ సొమ్ము = పిల్లనిచ్చిన మామ శనగలు అమ్మి దాచుకున్న డబ్బు; తెచ్చి = కాగితం ముక్క రాయకుండా తెచ్చి; మళిగను = అంగడిని; పెట్టితి = తెరిచాను; తిరిగి యమ్ము వాఁడు = మోటార్‌సైకిల్ మీద ఊరూరూ తిరిగి డీలర్లకు సరకు ఎక్కించే సేల్స్‌మన్; తిండి = జీతం, కమిషన్, పెట్రోలు ఖర్చు, ఈ మూడింటికీ ఉపలక్షణం; అడిగె = వరుసగా మూడో నెల అడిగాడు; ఎవరి బాకి ముందొ, యెవరిది వెనుకనో = ఎవరికి ముందు కట్టాలో, ఎవరిని ఆగమనాలో; చెప్పు = తెలియజేయుము. కొన్ని ప్రతులలో ‘బావ సొమ్ము’ అని పాఠాంతరం ఉంది. అక్కడ యతి చెడుతుంది. బావతో వ్యాపారంలో చెడేది యతి ఒక్కటే కాదు గనుక ఆ పాఠాన్ని త్యజించాం.

తాత్పర్యం: సేల్స్‌మన్ జీతం ముందు, మామ వడ్డీ తరువాత, మామ అసలు ఆ తరువాత, వ్యాపారి సొంత వాడకం అన్నిటికంటే వెనుక. ఈ వరుస నిలవాలంటే మామ ఇచ్చింది అప్పా, వాటానా, కానుకా అన్నది మొదటి రోజే తేలి ఉండాలి. ఇంతే. ఇక దీనికి ప్రమాణాలు.

మొదటి పాదం మీద వ్యాఖ్య: ‘మామ సొమ్ము’ అనడంతోనే కవి అసలు సంగతి దాటవేశాడు. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, అంటే అప్పుల తగవు. నాలుగోది సంభూయ సముత్థానం, అంటే కలిసి పెట్టుబడి పెట్టి వ్యాపారం చేసేవాళ్ల తగవు. ఐదోది ఇచ్చిన దానాన్ని వెనక్కి అడిగే తగవు. మామ ఇచ్చిన సొమ్ము ఈ మూడింటిలో ఏదో ఒకటి కావాలి, ఏదైతే దాని ధర్మం దానికి వర్తిస్తుంది. అప్పయితే అంగడి నష్టపోయినా తీర్చాలి. వాటా అయితే లాభం వచ్చినప్పుడే పంచాలి, నష్టంలో మామకూ భాగం ఉంటుంది. కానుక అయితే తిరిగి అడగకూడదు. ఇళ్లలో జరిగేది ఏమిటంటే, లాభం వచ్చిన ఏడు మామ దాన్ని వాటా అనుకుంటాడు, నష్టం వచ్చిన ఏడు అప్పు అనుకుంటాడు. అల్లుడు సరిగ్గా దానికి తలకిందులుగా అనుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కారు. పేరు పెట్టని సొమ్ముకు ఎవరి అవసరం కొద్దీ వాళ్లు పేరు పెట్టుకుంటారు.

అప్పే అని తేల్చుకుంటే దాని లెక్క కఠినం. అయిదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు 10,000 రూపాయలు, ఏడాదికి నూటికి 24. యాభై నెలలు, అంటే నాలుగేళ్ల రెండు నెలలు కట్టకుండా ఉంటే వడ్డీ అసలుతో సమానమవుతుంది. వడ్డీ అసలును మించకూడదని మన ధర్మశాస్త్రాలు గీసిన హద్దు అదే. ప్రోనోటుకు 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్లకు కాలదోషం పడుతుంది. గడువు లోపల కొంత కట్టి, కట్టినట్టు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. నోటు వెనక చెల్లు వేయడం అని ఊళ్లలో అనేది దీన్నే. ఇది తెల్లదొరల కోర్టులతో వచ్చిన అలవాటు కాదు. అప్పు తీసుకున్నవాడు కట్టినప్పుడల్లా ఆ సంగతి పత్రం వీపున తన చేత్తో రాయాలనీ, అంతా తీరాక పత్రం చింపాలనీ యాజ్ఞవల్క్యుడు ఎప్పుడో చెప్పాడు. ఇక డబ్బు చేతులు మారే తీరు. ఆదాయపు పన్ను చట్టం 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్నీ, నగదుగా తీర్చడాన్నీ నిషేధిస్తుంది. తప్పితే అంత మొత్తం జరిమానా పడవచ్చు. ఇద్దరిదీ సేద్యపు ఆదాయమే అయి, ఎవరికీ పన్ను పడకపోతే తీసుకోవడానికి మినహాయింపు ఉంది. మామ రైతే గానీ అల్లుడిది అంగడి. కనుక సంచిలో తెచ్చిన నోట్లు ఆ మినహాయింపు కిందికి రావు.

రెండో పాదం మీద వ్యాఖ్య: ఋణాదానం పక్కన ఆ పద్దెనిమిదిలోనే ఆరోదిగా వేతనం ఇవ్వకపోవడం అనే తగవు కూడా ఉంది. అంటే అంగడి తెరిచినవాడు మామను మొదటి తగవులో, సేల్స్‌మన్‌ను ఆరో తగవులో ఏకకాలంలో ఎదుర్కొంటున్నాడు. జీతం ఇంతని మాట్లాడుకోకుండా పని చేయించుకుంటే వ్యాపారంలోనైతే పదో వంతు ఇప్పించాలని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. అమ్మేవాడికి తాను అమ్మిన సరకులో పదో వంతు అని కౌటిల్యుడూ అన్నాడు. కమిషన్ కొత్త కంపెనీలు కనిపెట్టినది కాదన్నమాట. మాట్లాడుకోకపోతే బరువు యజమాని మీదే పడుతుందన్నది ఆ విధిలోని నీతి. 2019 వేతనాల కోడ్ నెలజీతం మరుసటి నెల ఏడో తేదీలోపు చెల్లించాలంటుంది. పత్తి తీతల దాకా ఆగమనే వెసులుబాటు అందులో లేదు.

ఇక మూడో పాదానికి జవాబు చట్టాలే ఇచ్చాయి. 1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్ సంస్థ మూతపడ్డప్పుడు ఆస్తిని పంచే వరుస చెబుతుంది: ముందు బయటివారి బాకీలు, తరువాత భాగస్తులు పెట్టుబడికి మించి ఇచ్చిన అప్పులు, ఆ తరువాత పెట్టుబడులు, మిగిలితే పంపకం. 2016 దివాలా స్మృతి 53వ సెక్షన్ కంపెనీల విషయంలో ఇంకా వివరంగా చెప్పింది. కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా, ఆ వెంటనే మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, ఆ తరువాతే తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లు, అందరికంటే చివర వాటాదారులు. కొత్తపల్లె అంగడి కంపెనీ కాదు, మునిగిపోనూ లేదు. అయినా మునిగే పడవలో ఎవరిని ముందు దించాలో నిర్ణయించిన న్యాయం నడిచే పడవకూ పనికొస్తుంది. ఆ న్యాయానికి మూలం ఒకటే: మామ తెలిసి సాహసం చేశాడు, దానికి వడ్డీ పుచ్చుకుంటున్నాడు. సేల్స్‌మన్ సాహసానికి ఒప్పుకోలేదు, ఆగినందుకు అతనికి వడ్డీ లేదు.

పూర్వపక్షం ఒకటి: బంధువుల మధ్య అప్పేమిటి, కాగితమేమిటి? దీనికి ప్రమాణం కూడా చూపుతారు. తండ్రీకొడుకుల మధ్య, అన్నదమ్ముల మధ్య, భార్యాభర్తల మధ్య అప్పు గానీ జామీను గానీ సాక్ష్యం గానీ లేదని యాజ్ఞవల్క్యుడు అన్న మాట నిజమే. అయితే ఆయన దానికి ఒక షరతు పెట్టాడు: వాళ్లు విడిపోకుండా ఉన్నప్పుడు మాత్రమే. ఒక కుండలో వండుకునే వాళ్లకు ఎవరి సొమ్ము ఎవరికి అప్పవుతుంది? మామ ఇల్లు వేరు, పొలం వేరు, పాసుపుస్తకం వేరు. కనుక స్మృతి ప్రకారమే మామకు కాగితం కావాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే మూలఘటిక కేతన తెలుగు చేశాడు. సంస్కృతం రాకపోవడం సాకు కాదు.

పూర్వపక్షం రెండు, గట్టిది: మామ బాకీ నూటికి రెండు చొప్పున పెరుగుతోంది, జీతం బాకీకి వడ్డీ లేదు. లెక్క తెలిసినవాడు వడ్డీ పెరిగే బాకీని ముందు తీర్చాలి కదా? కాగితం మీద ఈ వాదానికి తిరుగులేదు. కానీ జీతం బాకీకి వడ్డీ లేదనుకోవడం భ్రమ, అది వేరే ఖాతాలో పడుతుంది. మూడు నెలలు జీతం అందని సేల్స్‌మన్ దూరపు డీలర్ దగ్గరికి పోవడం మానేస్తాడు. లేదా పోటీ కంపెనీ సరకు కూడా అదే బండి మీద మోస్తాడు. లేదా డీలర్ ఇచ్చిన కలెక్షన్‌లో తన జీతం తానే సర్దుకుంటాడు. మూడోది జరిగిన నాటి నుంచి ఏ డీలర్ ఎంత కట్టాడో యజమానికి తెలియదు. అతన్ని దొంగ అనడానికీ నోరు రాదు. ఆ లెక్క చెడితే మామ అసలు తీర్చే దారి కూడా మూసుకుపోతుంది, ఎందుకంటే ఆ అసలు ఉన్నది డీలర్ల బాకీలలోనే. ముందు జీతం ఇవ్వడం మామకు చేసే అన్యాయం కాదు. మామ సొమ్మును వెనక్కి తెచ్చే మనిషిని నిలబెట్టుకోవడం.

పూర్వపక్షం మూడు: డబ్బు చేతికి రాకుండా కమిషన్ ఎక్కడి నుంచి ఇవ్వాలి? ఇందులో సగం న్యాయం ఉంది. సేల్స్‌మన్ 20 లక్షల సరకు ఎక్కించాడు, కమిషన్ నూటికి రెండు అనుకుందాం. 40,000 రూపాయలు అప్పుడే ఇస్తే, అయిదు లక్షల సరకు రిటర్ను వచ్చినప్పుడు అందులో 10,000 వెనక్కి అడగాలి, అడిగితే గొడవ. పైగా ఎక్కించిన దానికే డబ్బనుకుంటే ఎవరికిపడితే వాళ్లకు అరువు ఎక్కిస్తాడు. కనుక కమిషన్‌లో సగం సరకు పోయినప్పుడు, సగం వసూలైనప్పుడు అని రాసుకోవడం ధర్మం. రెండు షరతుల మీద మాత్రమే. నెలజీతం, పెట్రోలు ఖర్చు వసూళ్లతో ముడిపడకూడదు. యజమాని తన పలుకుబడి కోసం తానే అరువిచ్చిన డీలర్ ఎగ్గొడితే ఆ నష్టం సేల్స్‌మన్ కమిషన్‌లో కోయకూడదు.

పూర్వపక్షం నాలుగు: చట్టాలు ఏమన్నా మామ అలిగితే ఇల్లు నడవదు, సేల్స్‌మన్ పోతే మరొకడు వస్తాడు. వస్తాడు, అయితే ఊళ్లన్నీ మళ్లీ తిరిగి నేర్చుకోవాలి. మామ అలకకు మందు అసలు ముందు కట్టడం కాదు. అసలు ఆలస్యమైనందుకు అలిగేవాళ్లు తక్కువ, ఎప్పుడొస్తుందో చెప్పనందుకు అలిగేవాళ్లు ఎక్కువ. నెలనెలా వడ్డీ బ్యాంకులో వేసి, ఏటా ఉగాదికి సరకెంత, బాకీలెంత, అసలులో ఈ ఏడు ఎంత తీరుతుందో ఒక కాగితం చూపిస్తే మామ అప్పిచ్చినవాడిగా మాట్లాడతాడు. అది లేకపోతే మామగా మాట్లాడతాడు. రెండోదే ఖరీదైనది.

సిద్ధాంతం: కవి గల్లాపెట్టెను సంబోధించడం అలంకారంగా బాగున్నా వ్యవహారంగా దోషం. వరుస ఏమిటని నెలాఖరున పెట్టెను అడిగితే అది ఆ రోజు ఎవరు గట్టిగా అరిచారో వాళ్ల పేరే చెబుతుంది. వరుసను అంగడి తెరిచిన రోజే రాసుకోవాలి. మామది వాటా అయితే 1932 చట్టం 13వ సెక్షన్ ప్రకారం పెట్టుబడి మీద వడ్డీ లాభాల నుంచే రావాలి. పెట్టుబడికి మించి ఇచ్చిన దానికి ఏటా నూటికి ఆరు. అప్పయితే పైన చెప్పిన వరుస. పద్యంలో లేని మూడో హక్కుదారు ఒకడున్నాడు, వాడు వ్యాపారి. తన ఇంటి ఖర్చుకు గల్లాలో చెయ్యి పెట్టేవాడు తన పేరు జాబితాలో ఎక్కడా రాసుకోడు, కాబట్టి ఎప్పుడూ మొదట ఉంటాడు. సేల్స్‌మన్‌కు మూడో నెల, మామకు రెండో ఏడు ఆలస్యం కావడానికి చాలా అంగళ్లలో కారణం వానలూ డీలర్లూ మాత్రమే కాదు, ఆ రాయని పేరు కూడా. దాన్ని చివరి వరుసలో రాసి, నెలకు ఇంత అని హద్దు పెట్టినవాడికి కవి అడిగిన ప్రశ్న సగం తీరిపోతుంది. మిగిలిన సగం ఏడో తేదీన జీతంతో తీరుతుంది.