ఆన్‌లైన్‌లో తిరుపతి క్షవరం

ఒక తలపై నాలుగు గీతలు గీసి, ఆ మనిషి మరో మంగలి దగ్గరకు పోలేకుండా కూర్చోబెట్టి, ఇంకో తల వెతుక్కోవడాన్ని తిరుపతి క్షవరం అంటారు. ముక్కూమొగం తెలియని వారికి ఫేస్‌బుక్‌లో ‘బాగుండావా అన్నా’ అని సందేశం పంపి, మూడో వాక్యంలోనే వ్యాపారావకాశం విప్పే గొలుసుకట్టు వ్యాపారం, అనగా సరుకు అమ్మకం కంటే సభ్యుల చేర్పు మీద బతికే పద్ధతి, ఆ కళకు కొత్త శాఖ. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లుండగా, తలకు ఆరుగురిని చేర్చవలసిన ఈ గొలుసులో 13వ మెట్టుకే 1,306 కోట్ల మంది కావలసి రావడంతో భూగోళమే చాలదు. ఇటువంటి సంపాదనను 1978 నాటి ధన చలామణి పథకాల నిషేధ చట్టమూ, పిరమిడ్ పథకాలను 2021 నాటి ప్రత్యక్ష విక్రయ నియమాలూ నిషేధించినప్పటికీ, పైమెట్టు వారికి ప్రసాదం, చివర చేరినవారికి శఠగోపం యథావిధిగా అందుతున్నాయి.